పెద్దలకొక అద్భుతకథ

మన పల్నాటి పట్టణములలో పెద్దవారికి కానుక నిచ్చు సందర్భములు ఏటేట పెరుగుచున్నవే గాని, ఆ కానుకలలోని వైవిధ్యము మాత్రము పెరుగుట లేదు. ఉద్యోగ విరమణమున శాలువ, గృహప్రవేశమున గోడగడియారమో వెండి కుంకుమభరిణయో, షష్టిపూర్తినాడు పట్టుబట్టలు, సన్మానసభలో చెక్కకు తాపిన జ్ఞాపిక: ఈ నాలుగైదు వస్తువుల పరిధిని దాటి పుస్తకము నీయదలచిన అరుదైన సహృదయుడు సైతము భగవద్గీతనో, ఆరోగ్యసూత్రములనో, జీవితమున విజయము సాధించు మార్గములను బోధించు గ్రంథమునో ఎన్నుకొనునే గాని, మాంత్రికులును గంధర్వులును మాటలాడు పక్షులును సంచరించు అద్భుత నవలను నలువదియేండ్ల గృహస్థునకో అరువదియేండ్ల గృహిణికో ఇచ్చుటకు సాహసింపడు. అట్లిచ్చినచో, తమ్ము పసివారినిగా నెంచినాడని పుచ్చుకొన్నవారు చిన్నబుచ్చుకొందురేమో యను శంక ఆతని చేయి పట్టుకొని ఆపును. ఈ శంక నిరాధారమనియు, అద్భుత నవల పెద్దలకే ఎక్కువగా తగిన కానుక యనియు, అయితే దానిని ఎన్నుటకు కొంత వివేకము కావలెననియు నా దృఢాభిప్రాయము.

ఈ అభిప్రాయమునకు ఆధారము వెదకుటకు దూరము పోనక్కరలేదు; నరసరావుపేటకు సమీపమున బ్రహ్మ, విష్ణు, రుద్ర నామములు గల మూడు శిఖరములతో నిలిచిన కోటప్పకొండయే చాలును. మహాశివరాత్రినాడు పరిసర గ్రామముల ప్రజలు తాటిచెట్లను మించిన యెత్తుగల ప్రభలను గట్టి, విద్యుద్దీపములతో నలంకరించి, తమ కోటయ్య సన్నిధికి తరలించుకొని వచ్చు ఆ తిరునాళ్లకు మూలమైన గొల్లభామ వృత్తాంతమును ఈ ప్రాంతమున ఎరుగని వారుండరు. కొండకావూరున యాదవకులమున జనించిన ఆనందవల్లి యను కన్య రుద్రశిఖరముననున్న స్వామిని ప్రతిదినమును సేవించుచుండెననియు, అభిషేకమునకు గొనిపోవు జలమును కాకి యొకటి ఒలకబోయగా ఆమె యిచ్చిన శాపమువలన నేటికిని ఆ కొండమీద కాకి వాలదనియు, దేహస్థితి చెడి కొండయెక్కుట దుష్కరమైనను ఆమె సేవ మానకుండుటచే స్వామి కరుణించి, 'నీవు ముందు నడువుము, నేను వెనుక వత్తును, తిరిగి చూచితివేని చూచినచోటనే నిలిచిపోదు' నని పలికెననియు, బ్రహ్మశిఖరము చేరునప్పటికి వెనుక పుట్టిన ఘోరధ్వనికి బెదరి ఆమె తిరిగి చూడగా స్వామి అచటనే లింగరూపమున వెలసెననియు, ఆమెయు ఆ స్వామియందే ఐక్యమొందెననియు పెద్దలు చెప్పుదురు. నేడు త్రికోటేశ్వరుని ఆలయము బ్రహ్మశిఖరముననే యున్నది. రుద్రశిఖరముననున్నది పాత కోటప్ప గుడి.

ఇది భక్తుల విశ్వాసమునకు సంబంధించిన స్థలపురాణము. దీనిని కల్పిత నవలతో సమానము చేయుట నా ఉద్దేశము కాదు. అయినను, కథను వినుటలో వయస్సునకు వయస్సునకు గల భేదమును ఇంతకంటె స్పష్టముగా చూపు దృష్టాంతము నాకు కనబడదు. ఏడేండ్ల బాలునకు ఈ కథ చెప్పినచో దేవుడు మనుష్యుని వెంట నడచి వచ్చెనను వింతయే వాని మనస్సున నిలుచును. కాకుల మాట అడిగి యడిగి చెప్పించుకొనును. అదే కథను పిల్లల చదువులకై పొలమమ్మి, పరదేశమేగిన కొడుకును తలచుకొనుచు వాకిట కూర్చుండు తండ్రి విన్నప్పుడు, తిరిగి చూడరాదను నియమమే ఆతని హృదయమును పట్టును. నమ్మి ముందుకు నడువవలసిన వేళ వెనుదిరిగి చూచుట యన నేమో ఆతనికి అనుభవమున తెలియును. చూచినచోటనే నిలిచిపోయినదానిని ఆతడును తన జీవితమున ఎరుగును. అద్భుతకథలో వరము బాలుని ఆకర్షించును. ఆ వరముతోడి నియమము పెద్దవానిని ఆలోచింపజేయును. పెద్దలకు మాయాకథ నెన్నువాడు మొదట గ్రహింపవలసిన మర్మమిదియే. మంత్రమునకు వెల లేని కథ, కోరినదెల్ల కోరినంతనే సిద్ధించు కథ, బాలునకు రెండు పూటల వినోదము కాగలదేమో గాని, లోకమున ఏదియు ఊరక రాదని యెరిగిన పెద్దవానికి అది రుచింపదు.

ఇక, అద్భుతకథలు పిల్లలకే యను వాదమునకు మన సారస్వత చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. విద్యాధరులును భేతాళులును నిండిన కథాసరిత్సాగరమును 11వ శతాబ్దిని సోమదేవుడు వ్రాసినది బాలుర కొరకు కాదు. కాశ్మీరరాజగు అనంతుని రాణి సూర్యమతి చిత్తవినోదము కొరకు. రాజ్యభారమును, కుటుంబ చింతలను ఎరిగిన ఒక ప్రౌఢవనిత కిచ్చిన కానుక అది. మన తెలుగున మూలఘటిక కేతన దండి దశకుమార చరిత్రమును పద్యప్రబంధముగా సంతరించి ఎవరి కంకితమిచ్చెను? సాక్షాత్తు కవిబ్రహ్మ తిక్కనకు. బిలమార్గమున పాతాళమున కేగిన రాజకుమారుడును, అగ్నిలో బడి దివ్యదేహముతో లేచిన బ్రాహ్మణుడును, ఆకలిదప్పులను హరించు మణియు గల ఆ కథను, మంత్రిత్వమును నెరపిన ఒక మహాకవి సాదరముగా స్వీకరించెనే గాని, తన గాంభీర్యమునకు లోపమని తలపలేదు. 16వ శతాబ్దిని పింగళి సూరన కళాపూర్ణోదయమును నంద్యాల కృష్ణరాజున కంకితము చేసెను. కృతిని కన్యగా భావించి యోగ్యుడగు కృతిపతి చేతిలో బెట్టు ఆచారము గల జాతి మనది. అట్టి జాతి నేడు అద్భుతకథను పెద్దవాని చేతిలో బెట్టుటకు సంకోచించుట వింత గాదా?

కథాసరిత్సాగరమునకు మూలమైన బృహత్కథ పుట్టుకను గూర్చిన ఐతిహ్యము మనకు మరింత దగ్గరిది. ఏలయన అది శాతవాహనుని ఆస్థానమున జరిగినట్లు చెప్పబడుచున్నది. అచటి పండితుడగు శర్వవర్మ ఆరునెలలలో రాజునకు సంస్కృతము నేర్పినచో తాను సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెదనని బృహత్కథాకర్త గుణాఢ్యుడు శపథముచేసి, ఓడి, మాట తప్పక అడవికేగి, మిగిలిన పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకముల కథను తన రక్తముతో లిఖించెనట. పిశాచభాష యని రాజు దానిని నిరాకరింపగా, గుణాఢ్యుడు అగ్నికుండముకడ గూర్చుండి ఒక్కొక్క పత్రమును చదువుచు హోమము చేయుచుండెనట. అడవి మృగములు మేత మాని కన్నీరు గార్చుచు వినుచుండగా, వాని మాంసము ఎండి, రాజు భోజనము చెడి, కారణము వెదకికొనుచు ఆతడు వచ్చి చేరునప్పటికి మిగిలినది లక్ష శ్లోకములు మాత్రమేనట. ఇందు కథ చెప్పినవాడును పెద్దవాడే, వలదన్నవాడును పెద్దవాడే, పశ్చాత్తప్తుడై చేయిచాచి పుచ్చుకొన్నవాడును పెద్దవాడే. అద్భుతము తన హోదాకు తగదని త్రోసిపుచ్చిన ప్రభువు, అందలి ఆరు పాళ్లు బూడిదయైన పిమ్మట గాని దాని విలువ నెరుగలేదు.

రెండవ ఆక్షేపణము హేతువాదులది. మంత్రములను, దయ్యములను వర్ణించు గ్రంథము మూఢవిశ్వాసమును పెంచునని వారి భయము. సంఘసంస్కారమునకు, హేతువాదమునకు పేరువడిన మన గుంటూరు సీమలో ఈ ఆక్షేపణమును తేలికగా త్రోసివేయరాదు. అయితే తెనాలిలో 1909లో జనించిన కొడవటిగంటి కుటుంబరావును తలచుకొనుడు. భౌతికవాదమున ఆయనను మించిన నిష్ఠగల రచయితను చూపుట కష్టము. మధ్యతరగతి జీవితపు కపటమును నిర్దాక్షిణ్యముగా బయటపెట్టిన కలము ఆయనది. అట్టివాడు 1952 మొదలు 1980లో కన్నుమూయువరకు చందమామ సంపాదకత్వమును నిర్వహించి, భేతాళుని ప్రశ్నలను, రాక్షసుల మాయలను, యక్షుల వరములను తన కలముతో దిద్ది తెలుగువారి కందించెను. ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యము తన పేరైనను ప్రకటించుకొనక తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ వంటి ధారావాహికలను వ్రాసెను. కుటుంబరావు ఎరిగిన సత్యము సులభమైనది: మాయను కథయని యెరిగి చదువువాడు మాయకు లోబడడు. కథను నిజమని యమ్మువాడే ప్రమాదకారి; కథను కథగా ఇచ్చువాడు బుద్ధికి మేలుచేయువాడే. ఆంగ్లరచయిత టోల్కీన్ 1939లో స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్‌లో చేసిన ప్రసంగమున అద్భుతకథలను పిల్లల గదికి పరిమితము చేయుట చరిత్రలో యాదృచ్ఛికముగా జరిగినదే గాని వాని స్వభావము వలన గాదని వాదించెను. మన తాతలు ఈ మాటను వాదింపకయే ఆచరించిరి.

అసలు మన పెద్దలు అద్భుతమును ఎన్నడును విడువలేదు; దానిని కన్నులతో చూచుటకు, చెవులతో వినుటకు వెనుదీయని వారు చదువుటకు మాత్రము సిగ్గుపడుచున్నారు. కారెంపూడిలో వీరుల ఉత్సవమునాడు వీరవిద్యావంతులు పల్నాటి వీరగాథను గానము చేయునప్పుడు చుట్టును గూర్చుండి వినువారు బాలురు మాత్రమేనా? 1951లో పాతాళభైరవిని విజయవంతము చేసినవారెవరు? తోటరాముని వెంటను, నేపాళ మాంత్రికుని వెంటను ఊరూరి పెద్దలును నడచిరి. ఉంగరము పోగొట్టుకొని స్వర్గమునకు తిరిగి పోలేకపోయిన దేవకన్య కథయగు జగదేకవీరుడు అతిలోకసుందరిని 1990లో కుటుంబములు కుటుంబములుగా చూచినవి గదా. టిక్కెట్టు గొని చూచినప్పుడు కలుగని నామోషీ పుస్తకమును కానుకగా బుచ్చుకొన్నప్పుడు ఏల కలుగవలెను? తెరమీది మాయ మూడు గంటలలో ముగియును. ఆ వేగమున నియమమును గూర్చి తలపోయుటకు వ్యవధి లేదు. పుస్తకము చేతనున్నవాడు పుట నాపి, కన్ను మూసి, తానైనచో ఏమి చేసియుండునో ఆలోచించుకొనగలడు. ఈ తీరికయే పెద్దవానికి మనమీయదగిన నిజమైన ధనము.

ఇక ఎన్నిక మాట. ఇచ్చువానికి నచ్చిన గ్రంథమునే ఇచ్చుట సాధారణముగా జరుగు పొరపాటు. పుచ్చుకొనువాని మనస్సున ఏ ప్రశ్న మెదలుచున్నదో ఎరిగి, ఆ ప్రశ్నను తాకు నియమము గల కథను వెదకుట ఉచితమైన పద్ధతి. తెలుగు మాత్రమే చదువు నలవాటుండి, ఇంటిపనుల నడుమ అరగంట అరగంటగా చదువుకొను గృహిణికి మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలను మించినది లేదు. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు తోడు కోరగా, మజిలీ మజిలీకి కథ చెప్పవలెనను నియమముమీద ఒక గోపకుమారుడు వెంటవచ్చుటతో ఆ గ్రంథము సాగును. నడక అలసటకు కథ వెలగా నిర్ణయింపబడిన ఆ ఒప్పందమునందే యొక మాధుర్యమున్నది. అయితే పండ్రెండు సంపుటములను ఒక్కసారిగా తెచ్చి గుమ్మరించుట కానుక గాదు, అప్పు మోపుట. ఒక్క సంపుటము నిచ్చి, తక్కినవానిని ఆమె కోరినప్పుడు సమకూర్చుట మర్యాద. ఏడు సంపుటముల హ్యారీ పాటరునకైనను ఇదే న్యాయము.

న్యాయవాదికో అధ్యాపకునికో, వాదప్రతివాదములయందు అభిరుచి గలవానికో ఇయ్యదలచినచో విశ్వనాథ సత్యనారాయణ హాహాహూహూ నవల తగినది. అశ్వముఖుడగు గంధర్వుడొకడు లండను నగరమున వచ్చి పడగా, తమ కొలబద్దలకు లొంగని ప్రాణిని చూచి నాగరికులు పొందు కలవరమును ఆ చిన్న నవల చిత్రించును. ప్రపంచమును కొలుచుటకు తన వద్ద నున్న బద్ద యొక్కటియే సరియైనదని నమ్ము విద్యావంతునకు ఇంతకంటె మేలైన సందేహమును మరియొక పుస్తకము కలిగింపదు.

ప్రేమయొక్క చిక్కులను ఎరిగిన రసికునకు కళాపూర్ణోదయమే కానుక. మణికంధరుడు నలకూబరుని రూపమును, కలభాషిణి రంభ రూపమును దాల్చి, ఒకరి మారువేషము నొకరెరుగక, ఎవరికి వారు తాము కోరినవారే లభించినారని సంతోషించు ఘట్టమును పదునారేండ్లవాడు చమత్కారముగా చదువును. ఇరువదియేండ్లు కాపురము చేసినవాడు ఒక్క నిమిషము పుస్తకము మూసి ఆలోచించును. పద్యము కొరుకుడు పడనివారికి తాత్పర్యసహితమైన ప్రతిని వెదకి ఇయ్యవలెను. అమెరికాలో పెరిగి తెలుగు లిపి రాని మనుమరాలికో, తెలుగింటి అల్లుడైన విదేశీయునికో ఇయ్యదలచినచో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్లు చేసిన ఆంగ్లానువాదము 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమునుండి వెలువడినది. దూరదేశమునుండి మనకు వచ్చు పుస్తకములకు మారుగా మనమును ఒకటి పంపినట్లగును.

ఆంగ్లము చదువువారికి టోల్కీన్ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటించిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ కలదు. అందలి ఉంగరమునకు అపారశక్తి కలదు; కాని ధరించినవానిని అది క్రమముగా తన వశము చేసికొనును, కావున సజ్జనుడు సైతము దానిని మంచిపనికి వాడలేడు, నాశనము చేయుట తప్ప గత్యంతరము లేదు. గురజాల, మాచెర్ల సింహాసనముల కొరకు నలగామ మలిదేవులు తలపడిన కథను పుట్టుకనుండి వినిన పల్నాటివానికి, అధికారమును మేలుకే వాడుదునని ప్రతి పక్షమును ప్రమాణము చేయగా తుదకు కారెంపూడి రణభూమిగా మారిన తీరు నెరిగినవానికి, ఈ నియమమును విడమరచి చెప్పనక్కరలేదు. పంచాయతీ ఎన్నికలలో గెలిచిన మిత్రునకు పూలదండకు బదులు ఈ నవల నిచ్చుట మంచి సంప్రదాయమగును. గర్వము వలన చేసిన తప్పు వెన్నాడుచున్నదని కుమిలెడు యువకునకు అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో ప్రకటించిన ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ తగినది. తన అతిశయము చేత లోకమున విడిచిన నీడకు భయపడి పారిపోవు మాంత్రికుడు, తుదకు తానే దానిని తరిమి పట్టుకొని, దానిని తన పేరుతోనే పిలుచుట అందలి ఇతివృత్తము.

ఈయరాని సందర్భములును కలవు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళము ఒక తరమును నిద్రకు దూరము చేసిన బలమైన నవల. కాని చిన్నబిడ్డమీద క్షుద్రప్రయోగము జరుగు ఆ కథను ఇంట పసిబిడ్డ జబ్బుపడియున్న తల్లికిచ్చుట కానుక గాదు, క్రౌర్యము. అట్లే ఆప్తవియోగమున నున్నవారికి చచ్చినవారు సులభముగా బ్రదికివచ్చు కథ నీయరాదు. మరణము మరలిరానిదని ఒప్పుకొనియే ధైర్యము చెప్పు కథ ఈయవలెను. ఈ విచక్షణమునకు మార్గమొక్కటే: ఇచ్చువాడు ఆ గ్రంథమును మొదటినుండి తుదివరకు తాను చదివియుండవలెను. అంగడివాని మాటయు, అట్టవెనుకటి ప్రశంసయు ఇందు చాలవు. ముఖ్యముగా నియమము భగ్నమగు అధ్యాయమును శ్రద్ధగా చదువవలెను. అచట రచయిత తన పాత్రను ఏదో మంత్రముతో తప్పించి వెల చెల్లింపకయే బయటవేసెనా, ఆ పుస్తకమును తిరిగి అలమారలో నుంచవలెను. వెల చెల్లించిన పిదపను జీవితము సాగుటకు దారి చూపెనా, అది పెద్దవారి కీయదగిన పుస్తకము.

పుస్తక విక్రేతలకును, ప్రకాశకులకును ఒక విన్నపము. 1989 నుండి విజయవాడలో ఏటేట జరుగు పుస్తక మహోత్సవమునకు మన పల్నాటినుండి ఎందరో వెళ్లుచున్నారు. అచట కాశీమజిలీ కథలును, కథాసరిత్సాగరపు తెలుగు అనువాదములును, జానపద నవలలును బాలసాహిత్యపు బల్లలమీదకు పోకుండ, నవలల నడుమ, పెద్దల కంటికి ఆనునట్లు ఉండవలెను. వానికి గట్టి అట్టయు, నలువదియేండ్లు దాటిన కన్నులకు తగిన పెద్ద అక్షరమును కావలెను. అంతకు మించి, నేటి జీవితమున పుట్టు నియమములతో నేటి పెద్దలకొరకు కొత్త అద్భుత నవలలు తెలుగున రావలెను. కొనువారు లేరని ప్రకాశకులందురు. కానుకగా కొనువారు నలుగురు బయలుదేరినచో ఆ మాట మారును. శాలువకు వెచ్చించు సొమ్ములో కొంత చాలును ఒక మంచి నవలకు.

కావున రానున్న శివరాత్రికి ప్రభ గట్టు ఊరివారు, షష్టిపూర్తికి పిలుపందుకొన్నవారు, పదవీ విరమణ సభకు చందా వేసికొన్న సహోద్యోగులు ఒక్కసారి ఈ మాటను ఆలోచింపవలెనని నా ప్రార్థన. పుస్తకపు తొలిపుటలో 'శుభాకాంక్షలతో' అని వ్రాసి ఊరకుండక, ఈ కథను మీకే ఏల ఎన్నుకొంటినో రెండు వాక్యములలో వ్రాసి ఇండు. ఆ రెండు వాక్యములు వ్రాయుటకు ఇచ్చువాడు గ్రంథమును చదివియుండవలెను, పుచ్చుకొనువానిని ఎరిగియుండవలెను. తిక్కన చేతిలో తన కృతిని బెట్టిన కేతనకు ఈ రెండును కలవు; మనకును అవి అసాధ్యములు గావు.